నీళ్లు లేవన్న చోటు

మా పాప పుట్టి మూడు నెలలు నిండే వేళకు అత్తగారూ మామగారూ నల్లగొండ వైపు నుంచి స్టుట్‌గార్ట్ వచ్చారు. అత్తగారికి దిగిన రోజు నుంచే చేతినిండా పని. పాపకు నూనె రాసి నీళ్లు పోయడం, మా ఆవిడకు పథ్యం వండటం, ఈ మధ్యలో నా వంటింటి డబ్బాలన్నీ తనకు తోచినట్టు మార్చేయడం. మామగారికి మాత్రం పని లేదు. మా రెండు గదుల ఇంట్లో ఆయన ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒకరు ఆయన్ని లేపాల్సి వచ్చేది. బాల్కనీలో బట్టలు ఆరేసే స్టాండు, సోఫా మీద పాప పడక. మూడో వారానికి నా పరిస్థితీ అదే అయింది. ఆ శనివారం అత్తగారు ఆరింటికే లేచి సర్వపిండి కాల్చి, ఫాయిల్‌లో చుట్టి, మీరిద్దరూ ఎటైనా పోయి రండని మా చేతిలో పెట్టారు. ఎటు పోవాలో నేను వారం ముందే నిర్ణయించుకున్నానని ఆమెకు తెలియదు.

మామగారు ఏడో తరగతి వరకు చదివారు. వ్యవసాయమే బతుకు. కానీ చుట్టుపక్కల ఐదారు మండలాల్లో ఆయన్ని ఎరిగినవాళ్లు ఎరిగింది ఇంకో పని వల్ల. బోరు వేసే ముందు నీళ్లు ఎక్కడ పడతాయో చూసి పాయింటు పెడతారు. అరచేతి మీద కొబ్బరికాయను అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి, చేనంతా నడుస్తారు. నీళ్లున్న చోట కాయ దానంతట అదే నిలువుగా లేస్తుందంటారు. కాయ లేకపోతే పంగల పుల్ల. లేచిన చోట మేకు కొట్టి ఇంటికి వచ్చేస్తారు. దానికి డబ్బు తీసుకోరు. బోరు దించుతున్నప్పుడు అక్కడ ఉండరు. నీళ్లు పడితే ఆ రైతు మొదటి నీళ్లు ఒక సీసాలో పట్టి తెచ్చి ఆయనకు ఇస్తాడు. పడకపోతే ఎవరూ రారు. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు వాళ్లింటి గూట్లో వరసగా పేర్చిన సీసాలు చూసి, ఇదేదో నాటుమందుల ఇల్లనుకున్నాను.

నేను మెకానికల్ ఇంజనీర్ని. కైసర్స్‌లౌటర్న్‌లో మాస్టర్స్ చేసి, ఇప్పుడు పంపులు తయారుచేసే ఒక చోట నీటి ప్రవాహాల లెక్కలు కడుతున్నాను. కొబ్బరికాయ లేవడం మీద నాకు నమ్మకం లేదు. ఆ మాట ఆయన ముందు ఎప్పుడూ అనలేదు. అల్లుడు అనదగ్గ మాట కాదది. మా ఆవిడకూ నమ్మకం లేదు, కానీ ఆమె కూతురు కాబట్టి చాలాసార్లు అనేసింది.

ఆ వేసవిలో సంగతి మాటల దగ్గర ఆగేలా లేదు. మామగారి తమ్ముడికి ఐదెకరాల బత్తాయి తోట ఉంది. పాత బోరు ఎండిపోయింది. కొత్తగా వేసిన మూడింటిలోనూ దుబ్బ తప్ప చుక్క నీరు రాలేదు. ఆ మూడింటిలో రెండు మామగారు పెట్టిన పాయింట్లే. జర్మనీకి బయలుదేరే ముందు రోజు ఆయన నాలుగో బోరుకు పాయింటు పెట్టి వచ్చారు. రిగ్గు బండి ఆదివారం పొద్దున తోటకు వస్తుంది. తమ్ముడు అడిగింది ఒక్కటే. బండిని గట్టు దాటించే ముందు అన్న ఇంకొక్కసారి వెయ్యమని చెప్పాలి. శనివారం ఫోన్ చేసి చెప్తానని మామగారు మాట ఇచ్చారు. ఇది కూడా పోతే తోట కొట్టేసి పత్తి పెట్టుకోవడమేనని తమ్ముడు అంతకుముందే తేల్చేశాడు.

ఆ వారమంతా మామగారు సరిగా తినలేదు. పాపను ఎత్తుకున్నప్పుడు కూడా కుడి అరచేతిని చూసుకుంటూ ఉండేవారు. రెండు తప్పిన చెయ్యి మూడోది చెప్పొచ్చా అని అత్తగారిని అడగడం నేను గోడ అవతల నుంచి విన్నాను. మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచి, ఎలాగైనా నాన్నతో ఈ పని మాన్పించు, బాబాయి ఇంకో బోరుకు మునిగిపోతాడు అంది. నీ మాటైతే వింటాడు అని కూడా అంది. నాకు ఆయనతో ఎదురుగా మాట్లాడే ధైర్యం లేదు. అందుకని ఒక ప్రయోగం తయారుచేశాను.

గుహ ఆలోచన థాయ్‌లాండ్ నుంచి వచ్చింది. పెళ్లయిన ఏడాది మేమిద్దరం ఉత్తర థాయ్‌లాండ్‌లో ఒక రోజు, నది కొండలోకి దూరి అటుపక్క తేలే గుహకు వెళ్లాం. వెదురు తెప్ప, ముందు గ్యాస్ లాంతరు పట్టుకుని నిలబడ్డ ఒకామె, లాంతరు వెలుగుకు తెప్ప పక్కన మూగిన జానెడు చేపలు, పైనుంచి గబ్బిలాల వాసన. తెప్ప దిగాక మా ఆవిడ గుహ నోటి వైపు ఇంకోసారి తిరిగి చూసింది. తర్వాత, ఇది నాన్న చూడాలి, భూమిలో నీళ్లు భూమిలో నీళ్లు అంటాడు గానీ ఆయన ఎప్పుడూ చూడలేదు అంది. అప్పటి నుంచి జర్మనీలో అలాంటిది ఉందేమోనని వెతుకుతూ వచ్చాను. ఉంది. మాకు రెండు రైళ్లు, ఒక బస్సు దూరంలో, స్వాబియన్ ఆల్బ్ అనే సున్నపురాతి పీఠభూమి అంచున. కొండ అడుగున గుహలోంచి ఒక నది బయటికి వస్తుంది. లోపలికి పడవలో తీసుకెళ్తారు.

నీటి అడుగున ఈదుతూ వెళ్లిన డైవర్లు ఆ గుహకు గీసిన పటం ఒకటి నెట్‌లో దొరికింది. పడవ పోయేది కొంత దూరమే. అక్కడి నుంచి దారి పూర్తిగా నీటిలో మునిగి, కొండ కింద ఇంకా ఎంతో లోపలికి సాగుతుంది. ఆ గీతను ఫోన్‌లో మ్యాప్ మీద పరిచాను. స్కేలు సరిచేసి, ఒక చివరను గుహ ద్వారానికి కలిపాను. రెండో చివర కొండ మీద ఒక పచ్చిక బయలు కిందికి వెళ్లింది. బస్సు దిగి గుహకు నడిచే కాలిబాట కూడా ఆ బయలు మీదుగానే పోతుంది. నా పథకం సులువైనది. ముందు పైన ఆయన్ని నీళ్లు చూడమంటాను. లేవంటారు, లేదా ఇంకెక్కడో చూపిస్తారు. అప్పుడు కిందికి దించి నదిని చూపిస్తాను. ఏమంటే ఏం చెయ్యాలో ఒక చిన్న పట్టిక కూడా రాసుకున్నాను. కరెక్టుగా చెప్తే ఏం చెయ్యాలి అనే గడి మాత్రం ఖాళీగా వదిలేశాను.

రైల్లో ఆయన కిటికీ వదల్లేదు. ఇన్ని చేన్లున్నాయి, ఒక్క మోటరు కనపడదు, ఒక్క పైపు కనపడదు, ఎట్లా పండుతున్నాయని అడిగారు. వానతోనే అన్నాను. వాన మీద భరోసా పెట్టి నిద్రపోయే రైతు ఎట్లుంటాడో చూడాలని ఉందన్నారు.

బస్సు మమ్మల్ని పీఠభూమి మీద, నాలుగిళ్ల ఊరి చివర దించింది. దిగిన ఐదు నిమిషాలకే ఆయన ఒక విషయం పట్టుకున్నారు. నేను చదివి తెలుసుకున్నదాన్ని ఆయన ఊరికే నిలబడి చూశారు.

"ఇంత పచ్చగున్నది, ఒక్క వాగు లేదు సూడు. కుంట లేదు. మోరీ సుత లేదు. వానలు పడ్డ నీళ్లు యాడికి పోతున్నయి?"

సున్నపురాయిలో సందులుంటాయనీ, నీళ్లు పైన నిలవకుండా అన్నీ కిందికే దిగిపోతాయనీ చెప్పాను. పాత రోజుల్లో ఈ పై ఊళ్లవాళ్లు కింది లోయ నుంచి పీపాల్లో నీళ్లు మోసుకునేవారట. నీళ్ల దేశంలో నీళ్ల కరువా అని ఆయన తలూపారు. పచ్చిక బయలు చేరేసరికి, చూద్దామా మామా అని నేనే అడిగాను. సరదాకు అడిగినట్టు అడిగాను. ఆయన సరదాగా తీసుకోలేదు. బాట పక్కన హేజెల్ అనే పొద ఒకటి ఉంటే చాలాసేపు వెతికి ఒక పంగ కొమ్మ విరిచారు. బూట్లు, సాక్సులు విప్పి పక్కన జతగా పెట్టారు. తడి గడ్డి మీద అడుగులో అడుగు వేస్తూ నడక మొదలుపెట్టారు. మొహం మారిపోయింది. పాపకు జ్వరం చూసేటప్పుడు అత్తగారి మొహం అలా ఉంటుంది.

ఇంతలో చేతికర్రలతో నడకకు వచ్చిన ఇద్దరు పెద్దవయసు ఆడవాళ్లు ఆగారు. ఆయన ఏమైనా పోగొట్టుకున్నారా అని నన్ను అడిగారు. నిజం చెప్పడానికి సిగ్గేసి, అవును, ఇంటి తాళంచెవి అన్నాను. వాళ్లు వెంటనే సంచులు దించి, వంగి, గడ్డిలో వెతకడం మొదలుపెట్టారు. చెరో వరస పంచుకుని మరీ వెతికారు. మామగారు కొమ్మ పట్టుకుని అటు నుంచి ఇటు, వాళ్లు కర్రలతో గడ్డి విడదీస్తూ ఇటు నుంచి అటు. చివరికి నేను జేబులోంచి నా తాళంచెవే తీసి, దొరికిందని చూపించాను. వాళ్లు సంతోషించి మామగారికి చెయ్యి ఊపి వెళ్లిపోయారు. వాళ్లెవరని ఆయన అడగలేదు. అసలు చూసినట్టే లేరు.

ఇరవై నిమిషాలు నడిచారు. నా ఫోన్‌లో నీలం గీత మీదుగా నాలుగుసార్లు దాటారు. కొమ్మ కదల్లేదు.

"లేవు," అన్నారు. "ఈడ నీళ్లు లేవు."

నేను ఫోన్ చూపించాను. ఇది కింద నది దారి మామా, మనం నిలబడ్డ చోటు ఇదీ అన్నాను. ఆయన తెరను, తన పాదాలను, మళ్లీ తెరను చూశారు.

"ఈ నీలం గీత నీళ్లేనా?"

"నీళ్లే. పెద్ద నది."

ఆయన కొమ్మను విసిరేయలేదు. తీసుకెళ్లి, విరిచిన పొద మొదట్లో పెట్టి వచ్చారు. సాక్సులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. లోయలోకి దిగుతున్నప్పుడు, నా వైపు చూడకుండా, తమ్ముడికి ఏం చెప్తారో చెప్పారు. బండిని వద్దంటారు. నీళ్ల మీద ఆశ పెట్టుకోవద్దంటారు. చెట్లు కొట్టించమంటారు. నది మీద నిలబడి నది తెలియని చేతితో ఇంకో మనిషిని ముంచనన్నారు.

ప్రయోగం నేననుకున్నట్టే జరిగింది. చెట్లు కొట్టించడం మాత్రం నా పట్టికలో లేదు. వద్దని చెప్పాలనుకున్నాను. ఏం చెప్పినా ఇప్పుడు ఓదార్పులాగే ఉంటుందనిపించి నోరు మూసుకున్నాను.

లోయ అడుగుకు దిగి మలుపు తిరిగాం. ఎదురుగా నిట్టనిలువు రాతి గోడ. దాని పాదంలో పెద్ద గుమ్మమంత నల్లటి నోరు. ఆ నోట్లోంచి నది వస్తోంది. పిల్ల కాలువలా మొదలై పెరిగే నది కాదు. పూర్తిగా పెరిగిన నది, ఒడ్డు నుంచి ఒడ్డుకు నిండుగా, తలుపు తీసుకుని ఇంట్లోంచి బయటికి వచ్చినట్టు వస్తోంది. దాని వెనక ఏమీ లేదు, కొండ తప్ప. నేను రోజంతా తెర మీద ప్రవాహాలను ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో చూసేవాణ్ని. ఇంత నీరు కదలాలంటే ఎంత చప్పుడు ఉండాలో నాకు తెలుసు. ఇక్కడ చప్పుడు లేదు. నీటి మీద ఒక ఎండుటాకు ఉండకపోతే అది పారుతోందని కూడా తెలిసేది కాదు.

మామగారు రాతి మెట్ల మీద ఆగిపోయారు. ఫొటో తీయనా అంటే చేత్తో వద్దన్నారు.

పడవ రేకుతో చేసిన బల్లపరుపు పడవ. ఎనిమిది మంది పడతారు. నడిపేది యాభై ఏళ్ల ఒకామె, రబ్బరు బూట్లు, ఉన్ని టోపీ. తెడ్డు లేదు. పడవ నోట్లోకి దూరగానే ఆమె రెండు చేతులూ పైకెత్తి గుహ కప్పును పట్టుకుని, దాన్ని వెనక్కి తోస్తూ పడవను ముందుకు నడిపించింది. తలలు వంచండి అంది. కప్పు అంత కిందికి వచ్చింది. నా మోకాళ్ల మీద నా గడ్డం ఆనింది. మామగారు వంగలేదు, పడవ అడుగున చతికిలబడ్డారు. బయట జూన్ ఎండ. లోపల మాఘమాసం తెల్లవారుజాము చలి.

కప్పు మళ్లీ పైకి లేచాక ఆమె దీపం నీటి వైపు తిప్పింది. నాకు ఒక్క క్షణం పడవ గాలిలో ఉన్నట్టనిపించి అంచు పట్టుకున్నాను. నీళ్లు లేవు. అంటే ఉన్నాయి, కానీ కనబడటం లేదు. అడుగున ప్రతి రాయీ, రాయి కింద నీడా, ఇసుక మీద గీతలూ, అన్నీ చేతికి అందేటంత దగ్గరగా ఉన్నాయి. ఎంత లోతని అడిగితే ఈ చోట రెండు నిలువులకు పైనే అంది. గోడల నిండా వేలితో నొక్కినట్టు గుంటలు, అన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. ప్రవాహం రాతిని తొలిస్తే అలాంటి గుంటలు పడతాయనీ, వాటి ఆకారం చూసి నీరు ఎటు పారిందో చెప్పొచ్చనీ నాకు పుస్తకంలో తెలుసు. పుస్తకంలో అది సగం పేజీ బొమ్మ. ఇక్కడ అది నా తల మీద, నా భుజాల పక్కన, దీపం వెలుగు అందినంత దూరం ఉంది. ఎన్ని వేల ఏళ్ల పని అన్నది నేను లెక్క కట్టబోయి వదిలేశాను. చాలా కాలం తర్వాత ఒక లెక్కను మధ్యలో వదిలేయడం అదే.

పడవ ఆగిన చోట కప్పు ఏటవాలుగా దిగి నీటిలో మునిగింది. దారి అక్కడితో సరి. నీరు మాత్రం ఆ రాతి కిందనుంచి, ముదురు నీలపు గుంటలోంచి పైకి వస్తోంది. దీపం అందులోకి వేస్తే వెలుగు కొంత దూరం వెళ్లి, ఇంక కనబడలేదు.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడగమని మామగారు నా భుజం తట్టారు. అడిగాను. కచ్చితంగా ఎవరికీ తెలియదని ఆమె చెప్పింది. పైన పడ్డ వానే, కానీ ఏ వాన ఏ దారిన వస్తుందో తెలియదు. పైన కొన్ని గుంటల్లో రంగు నీళ్లు పోసి చూస్తారట. ఒక చోట పోసిన రంగు కొన్ని రోజులకు ఇక్కడ కనబడింది. దానికి దగ్గర్లోనే ఇంకో చోట పోసిన రంగు ఇక్కడికి రాలేదు, వేరే లోయలో తేలింది. నేను తెలుగులో చెప్పాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు.

"రంగు పోసి సూసిండ్రా," అన్నారు. తర్వాత, నాతో కాదు, ఆ గుంటతో అన్నట్టు అన్నారు: "నలభై ఏండ్లు నీళ్లు యాడున్నయో చెప్పుకుంట తిరిగిన. ఎట్లుంటయో ఎన్నడు సూడలే."

పడవలో మిగతావాళ్లు ఆయన మొహం చూసి మాటలు ఆపేశారు. తెలుగు రాని ఆ ఐదుగురికీ అది ఏదో ప్రార్థన అనిపించి ఉంటుంది.

బయటికి వచ్చాక ఆయన ఫోన్ తీశారు. లోయలో సిగ్నల్ లేదు. పడవ నడిపే ఆమెను అడిగితే, రోడ్డు ఎక్కి బస్టాపు దాకా వెళ్తే వస్తుందంది. ఆయన బూట్ల లేసులు కట్టుకుంటుంటే నేను టికెట్ల గది పక్కన ఉన్న చెక్క బోర్డు చూస్తూ నిలబడ్డాను. డైవర్ల పటమే, పెద్దదిగా. అదే గీత, అవే వంపులు. నేను నెట్‌లో చూసినప్పుడు మూల కత్తిరించి ఉన్న ముక్క ఇక్కడ ఉంది. ఆ మూలలో ఉత్తరం బాణం. అది పైకి లేదు. ఎడమ వైపు చూస్తోంది.

నేను గీసే ప్రతి డ్రాయింగులో దిశ ఎటో మొదట రాస్తాను. కొత్తగా చేరినవాళ్లు అది రాయకపోతే వెనక్కి పంపిస్తాను. అలాంటివాణ్ని, పటం పైభాగమే ఉత్తరమని అనుకుని పరిచేశాను. గీతను పావు వంతు తిప్పి చూసుకున్నాను. నది మేం నడిచిన పచ్చిక బయలు కింద లేదు. ద్వారం నుంచి ఇంకో పక్కకు, ఇంకో కొండ కిందికి వెళ్తోంది. మళ్లీ చూశాను. మూడోసారి కూడా చూశాను. బాణం అక్కడే ఉంది.

చెప్పకుండా ఉండొచ్చు. ఈ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని రాయను. మా ఆవిడ కోరింది అయిపోయింది. ఆయన ఇక పాయింట్లు పెట్టరు. నాలుగో బోరు ఆగిపోతుంది. నేను ఒక్క మాట కూడా అనక్కర్లేదు. పది నిమిషాల ఎత్తు రోడ్డులో ఆరు నిమిషాలు ఇలాగే నడిచాను. ఆయన ముందు నడుస్తూ తమ్ముడికి చెప్పబోయే మాటలు గొణుక్కుంటున్నారు. ఏ వరసతో మొదలుపెట్టి కొట్టించాలో, పడమటి గట్టు వైపు చెట్లు ముసలివి కాబట్టి ముందు అవి.

"మామా, ఒక్క నిమిషం. ఫోన్ చేసే ముందు. పైన నేను చూపించిన మ్యాప్ తప్పు."

ఆయన ఆగారు.

"నది ఆ గడ్డి కింద లేదు. ఆ పక్క కొండ కింద ఉంది. నేను గీతను తప్పు దిక్కుకు పెట్టాను."

"అంటే నేను లేవన్న కాడ నిజంగనే లేవా?"

"అదీ తెలియదు. ఉన్నాయో లేవో ఎవరూ చూడలేదు. ఆమె చెప్పింది కదా, రంగు సంగతి."

ఆయన కాసేపు కొండను చూశారు. తర్వాత నన్ను.

"పొద్దుగాల్నుంచి మ్యాపు జేబుల పెట్టుకోని, నా శేతికి పుల్లిచ్చినవు."

"అవును మామా."

"తెల్సే అడిగినవు."

"తెలుసనుకుని అడిగాను."

ఇంతకంటే పెద్ద మాట వస్తుందని నిలబడి ఉన్నాను. రాలేదు. ఆయన మళ్లీ నడక మొదలుపెట్టారు. నేను రెండడుగులు వెనక నడిచాను. బస్టాపు కనబడింది.

"మన దిక్కు నౌకరీల పరీక్ష లెక్క," అన్నారు చివరికి. "ఇది సుత రద్దయింది అంటవ్."

"రద్దే మామా."

"బిడ్డకు చెప్పకు. నిన్ను ఇడువది."

బస్టాపు బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నం మూడు దాటింది, అక్కడ సాయంత్రం ఆరున్నర. ఆయన సర్వపిండి ఒక ముక్క విరిచి నాకు ఇచ్చి, ఒక ముక్క తాను తిని, నీళ్లు తాగి, అప్పుడు ఫోన్ చేశారు. స్పీకరు పెట్టారు. తమ్ముడు మొదటి రింగుకే ఎత్తాడు. బండివాళ్లు మిర్యాలగూడ నుంచి బయలుదేరారని, పొద్దున ఐదింటికల్లా తోటలో ఉంటారని చెప్పాడు. ఏమంటావన్నా అని ఆగాడు.

"తమ్మీ, పాయింటు కాడ నీళ్లున్నయో లేవో నాకు తెల్వదు."

అవతల ఒక మోటరుసైకిలు పోయింది.

"జర్మనీ పోంగనే చెయ్యి పంజేస్తలేదా అన్నా?"

"చెయ్యి గట్లనే ఉన్నది. నేనే లెక్క తప్పు పెట్టిన. నీళ్లు పడ్డోళ్లు సీసలు దెచ్చి ఇచ్చిండ్రు. పడనోళ్లు వచ్చి చెప్పలే. నేను పోయి అడగలే. గూట్లె ఉన్నయి సూసుకోని, అన్నీ పడ్డయనుకున్న."

నా పక్కన కూర్చుని ఆయన అన్న ఆ మాట, నేను రెండేళ్లు కోర్సు చదివి, దానికి ఒక పేరు కూడా నేర్చుకుని, ఆయనకు ఎలా చెప్పాలో తెలియక వదిలేసిన మాట. నా ప్రయోగం ఆ మాట చెప్పించలేదు. నా ప్రయోగం ఒక తప్పుడు పటం. ఆ చీకటి గుంట దగ్గర ఆయన ఏం చూశారో, అక్కడి నుంచి ఈ లెక్కకు ఏ దారిన వచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

అల్లుడు ఇంజనీరు కదా, ఫోన్ ఆయనకివ్వమన్నాడు తమ్ముడు. నేను వద్దు అని చెప్తానని వారం నుంచి సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఫోన్ తీసుకుని, చిన్నమామా, నాకూ తెలియదు అన్నాను. నేలలోకి కరెంటు పంపి, మీటరుతో కింది రాతిని చూసేవాళ్లు ఉంటారు, వాళ్లను ఒకసారి పిలిపించండి, వాళ్లు చెప్పేదీ అంచనానే, కానీ పడనివి కూడా వాళ్లు రాసి పెట్టుకుంటారు అన్నాను.

"ఇద్దరు గల్సి గంత దూరం పోయి తెల్వదనుడు నేర్చుకున్నరా," అన్నాడు చిన్నమామ. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది.

మామగారు ఫోన్ తీసుకుని, ఒక్క వారం ఆగమన్నారు. బండిని తిప్పి పంపమన్నారు. వారం దాకా ట్యాంకరు పెట్టి తడపమన్నారు. మీటరాయన తన పాయింటు కాదంటే కాదనే అనుకోమన్నారు. చెట్లకు గొడ్డలి ముట్టించొద్దని రెండుసార్లు చెప్పారు. తమ్ముడు సరేనన్నాడు. పెట్టేసే ముందు మామగారు భూమిలోంచి వచ్చే నదిని చూశానంటే, ఎట్లుందని తమ్ముడు అడిగాడు. మామగారు వచ్చినంక చెప్తానన్నారు.

తర్వాత ఆ తోటలో మీటరు చూపించిన చోట ఒకటిన్నర ఇంచు నీళ్లు పడ్డాయి. అది మామగారు పెట్టిన పాయింటుకు నలభై అడుగుల దూరం. నలభై అడుగులంటే దగ్గరా, దూరమా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. అత్తగారు దగ్గరంటారు, మా ఆవిడ దూరమంటుంది. కొబ్బరికాయ మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. మామగారు మాత్రం ఇప్పుడు ఎవరైనా పిలిస్తే, పడ్డా పడకపోయినా వచ్చి చెప్పాలని ఒప్పించుకున్నాకే వెళ్తున్నారు.

ఆ శనివారం మేం ఫోన్‌లో మాట్లాడుతుండగానే బస్సు వచ్చి వెళ్లిపోయింది. మేం ఎక్కలేదు, డ్రైవరు మా వైపు చూసి, తల ఊపి, తలుపు మూసుకున్నాడు. తర్వాతి బస్సు రెండు గంటల తర్వాత. మామగారు ఫాయిల్ మడిచి జేబులో పెట్టుకుని లేచారు. మళ్లీ పోదామా అన్నారు.

పడవ దగ్గర ఆ సమయానికి చూడవచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆమె మమ్మల్ని గుర్తుపట్టి, ఏమైనా మర్చిపోయారా అని అడిగింది. ఈసారి అబద్ధం చెప్పలేదు. ఆయన మళ్లీ చూస్తానన్నారని చెప్పాను. ఇద్దరినే ఎక్కించుకుని, కప్పు పట్టుకుని తోసుకుంటూ లోపలికి తీసుకెళ్లింది. దారి ఆగిన చోట, మీకు భయం లేదు కదా అని అడిగి, దీపం ఆర్పింది.

అలాంటి చీకటి నాకు తెలియదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. మొదట ఏమీ వినబడలేదు. తర్వాత పడవ అంచును నీరు ఒరుసుకుంటున్న సన్నటి చప్పుడు, తర్వాత ఎక్కడో చాలా లోపల, చాలా ఆలస్యంగా, ఒక చుక్క పడటం. ఆ చుక్క ఎంత దూరంలో పడిందో, ఎటు పడిందో చెప్పలేకపోయాను. నా ఎదురుగా ఉన్న రాయి ఎంత దూరంలో ఉందో చెప్పలేకపోయాను. చలి పాదాల నుంచి మోకాళ్ల దాకా వచ్చింది. నీటిలో ఏదో మెత్తగా కదిలిన చప్పుడైంది. మామగారు చెయ్యి ముంచి ఉంచారని కాసేపటికి అర్థమైంది.

"ఉన్నవా అల్లుడా?" అన్నారు చీకట్లో.

"ఉన్నాను మామా," అన్నాను.